కుంటాల దగ్గరే ఆగిపోకండి: గోండు గూడేల్లో మా ఆదిలాబాద్ యాత్ర

ఆదిలాబాద్ అనగానే మనవాళ్ళలో చాలామంది కుంటాల జలపాతం దగ్గర ఫోటోలు దిగి, వచ్చేదారిలో నిర్మల్ బొమ్మలు కొనుక్కుని, చీకటి పడేలోపు మళ్ళీ 44వ నంబరు హైవే ఎక్కేస్తారు. మేం ఈసారి గుడిహత్నూర్ దగ్గర హైవే దిగిపోయి ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూర్, కెరమెరి వైపు తిరిగాం. దీపావళికి ముందు రోజులు, అంటే గోండు గూడేల్లో దండారి (బృందాలుగా ఊరూరా తిరిగి ఆడే నృత్య పండుగ) నడిచే కాలం. నేను, మా ఆవిడ, మా బావమరిది, ఒక అద్దె కారు. ఎక్కడ బాగుంది, ఎక్కడ డబ్బు దండగ, ఎవర్ని వెంట పెట్టుకోవాలి అన్నది రాస్తున్నాను, వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని.

ముందే చెప్పేస్తా: మేం పెట్టిన ఖర్చులన్నిటిలో బాగా గిట్టుబాటైంది గోండి మాట్లాడే గైడుకి ఇచ్చిన డబ్బు. గది, సఫారీ, కారు అన్నీ దాని తర్వాతే. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

బస సంగతి మొదట. ఉట్నూరులో ఒక లాడ్జిలో దిగాం, గది 1,200. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ వేడినీళ్ళు అడిగితే బకెట్టుకి ఇంత అని వేరే లెక్క, పొద్దున టీ కావాలంటే బస్టాండ్ దాకా నడవాల్సిందే. అయినా నాకు ఫిర్యాదు లేదు, ఆ ధరకి అంతే. జన్నారం వైపు అడవి అంచున ఒక రిసార్టులో కూడా ఒక రాత్రి ఉన్నాం, దానికి మూడు వేలకు పైనే అయింది. గోడల మీద నెమళ్ళు, జింకలు, డోలు కొట్టే ఆదివాసీలు, అన్నీ రంగురంగుల ఫ్లెక్సీలే. రిసెప్షన్‌లో కుర్రాడిని "ఈ చుట్టుపక్కల దండారి ఏ ఊళ్ళో ఆడుతున్నారు బాబూ" అని అడిగితే, "అది తెల్వద్ సార్, మేం కరీంనగర్ కెళ్ళి వచ్చినం, రాత్రికి క్యాంప్‌ఫైర్ పెడ్తం, డీజే కావాల్నా" అన్నాడు. పులుల అడవి పక్కన డీజే ఏంటో! మా బావమరిది మాత్రం అక్కడి ఏసీకి పదికి పది మార్కులు వేశాడు, అది కూడా చెప్పాలి కదా.

మూడోది, మేం ముందుగా అనుకోనిది, జైనూర్ దగ్గర ఒక గోండు ఇంట్లో పడుకోవడం. గైడే మాట్లాడి పెట్టాడు. మట్టి గోడలు, పేడతో అలికిన నేల, చాప, రగ్గు. రాత్రి జొన్న రొట్టె, మినపపప్పు, వేయించిన పచ్చిమిరపకాయలు. బాత్రూమ్ ఇంటి వెనక, నీళ్ళు మనమే పట్టుకెళ్ళాలి. ఇంటి పెద్దాయన మాకు రేటు చెప్పలేదు, ఎంతివ్వాలో గైడుని అడిగి ఇచ్చాం. పెద్దవాళ్ళతో, చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇది కష్టం, వాళ్ళు ఉట్నూరు లాడ్జే చూసుకోవడం మేలు. మిగతావాళ్ళు మాత్రం ఒక్క రాత్రయినా ఇలా ఉండి చూడండి.

సఫారీ గురించి. జన్నారం వైపు ఉన్న కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు, కోర్ ప్రాంతమే దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. కానీ ఇక్కడ స్థిరంగా ఉండే పులులు బాగా తక్కువ, మహారాష్ట్రలోని తాడోబా నుంచి కాగజ్‌నగర్ మీదుగా వచ్చి పోయేవే ఎక్కువ. కాబట్టి పులి కనపడలేదని మేం ఏడవలేదు. మా బాధ వేరు. మమ్మల్ని ఎక్కించుకున్న జీపతను తిరిగినంతసేపూ ఫోన్‌లో పాటలు పెట్టాడు, ఏ చెట్టు చూపించి అడిగినా "టేకు సార్" అనేవాడు, టేకు కానిదైతే "అడవి చెట్టు సార్" అనేవాడు. రెండు చుక్కల దుప్పులు, ఒక నెమలి, బోలెడంత దుమ్ము. దిగేటప్పుడు రేటింగ్ ఇవ్వమని ఫోన్ చేతిలో పెట్టాడు.

ఇక మా గైడు. ఉట్నూరులో తెలిసిన మాస్టారు ఒకాయన ద్వారా దొరికాడు, డిగ్రీ చదివిన గోండు కుర్రాడు. పేరు రాయడం అతనికి ఇష్టం లేదు. రోజుకి వెయ్యి, భోజనం మనతోనే. మర్లవాయి దారిలో కారు ఆపించి పక్కన అడవిలోకి ఓ అర్ధగంట నడిపించాడు, అంతే, పొద్దున్న సఫారీలో చూసిన అడవేనా ఇది అనిపించింది. ఇది తునికి, ఆకులు కోసేది వేసవిలో. ఇది సారపప్పు చెట్టు, కాయ పండకముందే కొమ్మలు విరిచేస్తే మళ్ళీ ఏడాది ఏమీ ఉండదు. ఇది నల్లమద్ది. ఒక ఇప్పచెట్టు దగ్గర ఆగి, "ఇది మా పెద్దనాన్నోళ్ళది సార్" అన్నాడు. అడవి మధ్యలో చెట్టు మీ పెద్దనాన్నది ఎలా అవుతుంది అని మా ఆవిడ అడిగింది. పువ్వు ఏరుకునే చెట్లు ఏ ఇంటివి ఆ ఇంటివే అట, తాతల నుంచి వస్తాయట, ఇంకొకళ్ళు ఏరరట. కాగితం ముక్క లేదు, కంచె లేదు. మరి ఎవరిదో ఎలా గుర్తు అంటే నవ్వి, ప్రతి చెట్టుకీ గోండిలో ఒక గుర్తుపేరు ఉంటుందన్నాడు: వంగినది, పిడుగు పడినది, రెండు కాళ్ళది, ఇలా. పిల్లలు అమ్మల వెంట పువ్వుకి వెళ్ళినప్పుడు అవి నోటికి వచ్చేస్తాయట. "హాస్టల్ల చదివిన పిల్లలకు గీ పేర్లు రావు సార్. పేరు రానోనికి చెట్టు మీద ప్రేమ ఎట్లుంటది, కట్టె లెక్కనే కనవడ్తది" అన్నాడు. తర్వాత ఎక్కడికి వెళ్ళినా మాకు ఆ మాటే తగిలింది, ఒక్కో చోట ఒక్కో రకంగా.

కొత్త పంట, కొత్త పువ్వు దేవుడికి పెట్టకముందు ఇంట్లో ముట్టరని కూడా చెప్పాడు. పెర్సపేన్ (గోండుల పెద్ద దేవుడు) చిహ్నాలు చాలా గూడేల్లో గుళ్ళో ఉండవు, ఊరి బయట చెట్టు మీదే దాచి ఉంటాయి, ఆ చుట్టూ గొడ్డలి పెట్టరు. అలాంటి ఒక చోట "చెప్పులు గిక్కడ్నే ఇడ్వుర్రి, ఫోటో వద్దు" అన్నాడు. మేం తీయలేదు. మీరూ తీయకండి.

మర్లవాయి అందరూ వెళ్ళగలిగిన ఊరు, రోడ్డు బాగుంది. 1940ల్లో నిజాం ప్రభుత్వం కోసం గోండుల పరిస్థితి అధ్యయనం చేయడానికి వచ్చిన ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ ఊళ్ళోనే గుడిసె వేసుకుని ఉన్నారు. జోడేఘాట్‌లో కుమురం భీం మరణించిన తర్వాత, అసలు ఈ జనానికి కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోమని పంపిస్తే వచ్చాడాయన. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఇక్కడికే తెచ్చి సమాధి చేశారు, ఆయన 1995లో లండన్‌లో పోయాక అస్థికలు తర్వాత తెచ్చి పక్కనే పెట్టారు. సమాధులు రెండూ చాలా సాదాగా ఉంటాయి, టికెట్ లేదు, కాపలా లేదు. నాకు ఆసక్తిగా తోచింది ఇంకోటి. గోండు పిల్లలకి గోండిలోనే మొదటి పాఠాలు చెప్పాలని, గోండు కుర్రాళ్ళనే మాస్టార్లుగా తయారుచెయ్యాలని ఆయన ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించాడు, ఆ వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. అరవై ఏళ్ళ తర్వాత, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కొలామి, కోయ, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు వేసినప్పుడు తెలుగు లిపి వాడారు. మధ్యలో రెండు తరాలు ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాషగా పెరిగాయి. మేం కలిసిన ఒక పెద్దాయనకి మరాఠీ చదవడం వచ్చు, కొడుక్కి తెలుగు, మనవడికి ఇంగ్లీష్ మీడియం. ముగ్గురూ మాట్లాడుకునేది మాత్రం గోండిలోనే.

మర్లవాయి కనకరాజు గారి ఊరు కూడా. దండారిలో ఆడే గుస్సాడీ నృత్యాన్ని 1982 రిపబ్లిక్ డే వేడుకలకి ఢిల్లీ తీసుకెళ్ళిన మనిషి, 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన పోయాక కూడా ఊళ్ళో దండారి ఆగలేదు. మేం ఉన్న రోజుల్లో పక్క గూడెం దండారి బృందం ఇక్కడికి విడిదికి వచ్చింది, వీళ్ళు ఎదురెళ్ళి కాళ్ళు కడిగి తీసుకొచ్చారు, భోజనాలు, తర్వాత ఆట. గుస్సాడీ వేషం దగ్గరగా చూడండి, ఫోటోల్లో తెలియదు. ఒంటినిండా బూడిద, నల్లటి చుక్కలు, మేక తోలు, నడుముకి గజ్జెలు, తల మీద వందల నెమలి ఈకలతో కట్టిన టోపీ, దానికి ఇరువైపులా కొమ్ములు, మధ్యలో చిన్న చిన్న అద్దాలు. ఆ టోపీ కొత్తది కొనుక్కోవడం అన్నది ఉండదు. నెమళ్ళు రాల్చిన ఈకలే ఏరుకొచ్చి, ఏటా పాడైనంత మేరకే మార్చి కడతారు, లోపలి వెదురు అల్లిక మాత్రం తాతలనాటిది అయినా అదే. మేం చూసినదాన్లో ఒక పక్క ఈకలు నిగనిగలాడుతున్నాయి, ఇంకో పక్క వెలిసిపోయి గోధుమరంగుకి వచ్చేశాయి. ఈకల కోసం నెమలిని చంపితే ఆ టోపీలోకి దేవుడు రాడు అని గైడు సింపుల్‌గా చెప్పేశాడు. దండారి అన్ని రోజులూ గుస్సాడీలు స్నానం చెయ్యరు, ఆ వేషంలో ఉన్నవాణ్ణి మనిషిగా కాక దేవుడిగా చూస్తారు కాబట్టి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ అడగడం లాంటి వేషాలు వేయకండి. మా కళ్ళముందే హైదరాబాద్ నంబరు బండి ఒకటి వచ్చి, ఆ పని చేయబోయి, ఊరి పెద్ద అయిన పట్లా చేత చీవాట్లు తిని వెళ్ళింది. నాకు లోలోపల సంతోషంగానే అనిపించింది.

ఇక్కడ చిన్న వివరణ. గోండు కళ అనగానే మనకి గుర్తొచ్చే ఆ చుక్కలు, గీతల చెట్లు, జింకల పెయింటింగులు ఈ ప్రాంతానివి కావు. అవి మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ వైపు పర్ధాన్ గోండులవి, జన్‌గఢ్ సింగ్ శ్యామ్ మొదలుపెట్టిన ఒరవడి. మా ఆవిడ అవి కొందామని లిస్టు రాసుకొచ్చింది, ఇక్కడ ఎవరైనా అమ్మితే బయటినుంచి తెచ్చిందే అనుకోవచ్చు. ఆదిలాబాద్ గోండుల కళ గోడమీద బొమ్మ కన్నా ఎక్కువగా పాటలో, వాద్యంలో, ఇత్తడిలో కనపడుతుంది. పర్ధానులు, తోటీలు కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ గోండు పురాణాలు పాడతారు. ఏ గోత్రం వాళ్ళ కథ వాళ్ళకి పాడాలి, అదే వాళ్ళ కులవృత్తి. తోటీల సంఖ్య చాలా తక్కువ, ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో ఉన్నారు. ఒక ముసలాయన మాకోసం కాసేపు కిక్రి వాయించాడు. పాటలో ఒక వాగు పేరు, ఒక గుట్ట పేరు, ఇంకో వాగు పేరు, అలా వస్తూనే ఉన్నాయి. దేవుళ్ళు ఏ దారిన వచ్చారో ఆ దారంతా పాటలో ఉందని గైడు చెవిలో చెప్తూ వచ్చాడు. అందులో ఒక వాగు మేం పొద్దున దాటిందే, ఇప్పుడు ఎండిపోయి ఇసుక ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ముసలాయన పాట ఆపి ఆ ముక్క తెలుగులో మాకు చెప్పి, మళ్ళీ అందుకున్నాడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు, ఉషేగాం. జైనూర్ మండలంలో చిన్న ఊరు, ఓజా కుటుంబాలు డోక్రా ఇత్తడి పని చేస్తాయి. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. షోరూమ్ ఉంటుందనుకుని వెళ్ళకండి, ఇంటి వసారాయే షోరూమ్. మేం వెళ్ళేసరికి ఒకామె చిన్న చెక్కపీట మీద మైనం తీగ సాగదీస్తోంది. తేనెమైనం, చెట్టు జిగురు కలిపి కాచి, చల్లారకముందే చిన్న పిచికారీ లాంటి దాంట్లోంచి నొక్కితే సన్నటి దారంలా వస్తుంది. ఆ దారాన్ని మట్టితో చేసిన లోపలి ముద్ద మీద చుట్టుకుంటూ పోవాలి, ఒక్క చుట్టు పక్కన ఇంకో చుట్టు, మధ్యలో సందు రాకూడదు. ఆమె చేస్తున్నది తాబేలు. డిప్ప మీద గళ్ళు రావడానికి తీగని గోరుతో వంచి అడ్డంగా అతికిస్తోంది, చూస్తే అరగంటకి డిప్పలో పావు వంతు కూడా కాలేదు. అది అయ్యాక మెత్తటి మట్టి పూత, ఆరాక గరుకు మట్టి పూత, ఒక చిన్న దారి వదిలి కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాలి. అచ్చు పగిలిపోతుంది కనుక ఒక వస్తువు ఇంకోదానిలా అచ్చంగా ఉండదు.

ఆమె భర్తని మైనం ఎక్కడిదని అడిగాను. పూర్వం అడవిలో తేనె తీసేవాళ్ళ దగ్గర్నుంచే వచ్చేది, తీసేవాళ్ళు పట్టులో కొంత వదిలేసి కోసేవాళ్ళు, ఏ గుట్టలో ఏ పట్టు అన్న లెక్క ఉండేది. ఇప్పుడు బయటివాళ్ళు వచ్చి మొత్తం కాల్చి తీసుకుపోతున్నారట, అందుకని మైనం బజార్లో కొంటున్నారు, అందులో ఏం కలుస్తుందో ఏమో తీగ తెగుతోందని చిరాకు పడ్డాడు. హస్తకళ పోతోందంటే మార్కెట్ లేదనే అనుకుంటాం కదా, ఈయన సమస్య తేనెటీగ దగ్గర మొదలైంది.

ధరలు: ఎడ్ల మెడలో కట్టే చిన్న గంట 400, తాబేలు దీపం 1,500 దాకా, పెద్ద దేవుడి బొమ్మలు వేలల్లో. బేరం ఆడకండి అని నీతులు చెప్పను గానీ, ఆ తీగ చుట్టడం కాసేపు చూశాక నాకైతే నోరు రాలేదు. క్యాష్ తీసుకెళ్ళండి, అక్కడ సిగ్నల్ ఉంటే ఉంది లేకపోతే లేదు. ముందు ఫోన్ చేయించి వెళ్ళడం మంచిది, వానాకాలంలో, పొలం పనుల రోజుల్లో కొలిమి వెలిగించరు.

నార్నూర్ మండలం గుంజాలకి చాలామంది వెళ్ళరు, చూడ్డానికి ఏముంది అని. నిజమే, ఫోటో తీసుకునేంత దృశ్యమేమీ లేదు. కానీ గోండికి ఇంత పాత లిపి ఉందని లోకానికి తెలిసింది ఈ ఊరి ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో దాచిన చేతిరాత ప్రతుల వల్లే. 2006లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వీటిని వెలుగులోకి తెచ్చింది, సుమారు 1750 నాటివి కావచ్చని అంచనా. అప్పటికి అవి చదవగలిగిన వాళ్ళు ఊళ్ళో కొద్దిమంది వృద్ధులే. 2018లో యూనికోడ్‌లోకి గుంజాల గోండి పేరుతోనే ఎక్కింది, అంటే ఇప్పుడు కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఆ లిపికి చోటు ఉంది. వర్ణమాల చార్టు చూసి మా బావమరిది తెగ ఆశ్చర్యపోయాడు, హల్లులు మనలా క, ఖ, గ అని కాకుండా య, వ, బ అని మొదలవుతాయి. ఊళ్ళో ఒకమ్మాయి తన నోట్‌బుక్‌లో మా ముగ్గురి పేర్లూ రాసి ఇచ్చింది, నా పేరులో ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాసింది. మిగతా పేజీల్లో ఏముందని అడిగితే, నాయనమ్మ చెప్పిన పసరు మందులు. ఏ ఆకు, ఏ వేరు, ఎంత తీయాలి, ఎంత వదలాలి. అది మాకు చదివి వినిపించలేదు, "అవ్వ తిడ్తది" అంది. సరే అన్నాం.

ఏ లిపిలో నేర్పాలన్న వాదన అక్కడ గట్టిగానే ఉంది, తెలుగు లిపి చాలు అనేవాళ్ళూ ఉన్నారు, సొంత లిపి ఉంటే గౌరవం అనేవాళ్ళూ ఉన్నారు. బయటివాణ్ణి, తీర్పు నాది కాదు. ఆ నోట్‌బుక్ చూశాక మాత్రం నా మొగ్గు రెండో వైపే.

కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా గుడికి ముత్నూరు దగ్గర్నుంచి లోపలికి వెళ్ళాలి. మెస్రం అనే గోండు వంశీయులు సొంతంగా చందాలు వేసుకుని కట్టుకున్న కొత్త రాతి గుడి 2022 డిసెంబరులో మొదలైంది, చెక్కడం పని బాగుంది. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది, అరగంటలో అయిపోతుంది. కానీ దీన్ని చూడాల్సింది పుష్య అమావాస్యకి. అంతకుముందు ఒక ఏడాది జాతరకి వెళ్ళాను కాబట్టి చెప్తున్నా. మెస్రంలు చెప్పుల్లేని కాళ్ళతో నడిచి జన్నారం మండలంలో హస్తినమడుగు దాకా వెళ్ళి గోదావరి నీళ్ళు తెస్తారు. వంటకి, పూజకి కుండలు సిరికొండ కుమ్మరులే చెయ్యాలి. గుడి దగ్గర మర్రిచెట్ల కింద బండ్లు, గుడారాలు, వంటకి 22 పొయ్యిలు, ఒక్కటి ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆడపడుచులు, అల్లుళ్ళు నీళ్ళు తెచ్చి మట్టి కలిపి పుట్టలు కడతారు, కొత్త కోడళ్ళని దేవుడికి పరిచయం చేస్తారు. ఇంత పెద్ద జనంలో ఆ మర్రిచెట్ల కొమ్మ ఒక్కటి విరవగా చూడలేదు. జాతర బజారు వైపు మాత్రం ప్లాస్టిక్ కుప్పలు, జెయింట్ వీల్, లౌడ్‌స్పీకర్లు, ఏ జాతరలోనైనా ఉండేవే. ఆదివాసీల సమస్యలు వినే దర్బారు రోజు మంత్రులు, అధికారుల బండ్లతో దారి మూసుకుపోతుంది, ఆ రోజు తప్పించి వెళ్ళండి. వచ్చేదారిలో ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగండి, 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. గైడు అక్కడ ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

జోడేఘాట్ మ్యూజియం కెరమెరి ఘాట్ దాటాక వస్తుంది, దారి అద్భుతం, మలుపుల దగ్గర మెల్లగా వెళ్ళండి. కుమురం భీం జల్, జంగల్, జమీన్ అని పోరాడి 1940లో ఇక్కడే ప్రాణం వదిలాడు. గోండుల జీవితం మీద నిలువెత్తు బొమ్మలతో మ్యూజియం చక్కగా కట్టారు, పిల్లలతో వెళ్తే మొదట ఇక్కడికే తీసుకెళ్ళండి, తర్వాత ఊళ్ళలో చూసేది అర్థమవుతుంది. పెద్దవాళ్ళకి గంట చాలు.

దానికన్నా నన్ను పట్టేసింది జంగుబాయి గుహ. కెరమెరి మండలం కోట పరందోలి వైపు, మహారాష్ట్ర సరిహద్దులో. ఈ పరందోలి చుట్టుపక్కల ఊళ్ళు రెండు రాష్ట్రాలూ మావే అనే ఊళ్ళు, జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు ప్రభుత్వాల బడులు. పుష్యమాసంలో ఇటూ అటూ ఆదివాసీలు వస్తారు. గుహలోకి వంగి వెళ్ళాలి, లోపల దీపమే అమ్మవారు. మేం వెళ్ళింది జాతర కాలం కాదు కనుక మా గైడు తప్ప ఎవరూ లేరు. చుట్టూ అడవి ఎంత చిక్కగా ఉందంటే, కిలోమీటరు ఇవతల పత్తి చేలు చూసి వచ్చిన కళ్ళకి నమ్మశక్యం కాదు. దేవత అడవి కాబట్టి ఎవరూ నరకరు. ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడ పులి తిరిగిన వార్తలు చదివాను, భయం లేదా అని అడిగితే, "అదొచ్చినప్పుడు మేం రాం, మేం వచ్చినప్పుడు అది రాదు" అన్నాడు. అది నమ్ముకుని ఒంటరిగా వెళ్ళమని నేను చెప్పను. స్థానికులు లేకుండా, మధ్యాహ్నం దాటాక వెళ్ళొద్దు.

పులుల కోసం కవ్వాల్ కోర్‌లోంచి రాంపూర్, మైసంపేట ఊళ్ళని కడెం వైపు బయటికి తరలించారు కదా, దాని గురించి కూడా దారిలో మాటలు వచ్చాయి. ఇల్లూ భూమీ ఇచ్చారు, మరి ఊరి దేవత చెట్టు లోపలే ఉంది, ఏటా పూజకి పోవాలంటే పర్మిషన్ అడగాలా అన్నది అతని ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

కుంటాల, పొచ్చెర జలపాతాలు వెళ్ళేటప్పుడే చూసేశాం. నీళ్ళు బాగున్నాయి, మెట్లు ఎక్కువ, ఆదివారం వెళ్ళకండి, అంతే.

తిండికి ఉట్నూరులో మామూలు మెస్సులు ఉన్నాయి, కారం ఎక్కువ. ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు అడిగి కొనండి, మేం రెండు కిలోలు కొంటే ఇంటికి వచ్చేసరికి అరకిలో మిగిలింది. పెట్రోలు, ఏటీఎం పని ఉట్నూరులోనే ముగించుకోండి. లోపల ఊళ్ళలో నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోకండి, కారులో ఆకాశవాణి ఆదిలాబాద్ పెట్టుకుంటే గోండి కార్యక్రమాలు వస్తాయి, మా డ్రైవరన్న కూడా అవే పెట్టి తల ఊపుతూ నడిపాడు. అడవి దారుల్లో రాత్రి ప్రయాణం వద్దు. అద్దె కారు రోజుకి మూడు వేల చొప్పున పడింది, ఉట్నూరు నుంచి ఆటో మాట్లాడుకుంటే ఇంకా తక్కువలో అయిపోతుంది, కెరమెరి ఘాట్ మాత్రం ఆటోలో వద్దు.

గైడు కావాలంటే ఉట్నూరులో ఏ బడి మాస్టారినైనా, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు దగ్గర టీ కొట్టులోనైనా అడగండి, దొరుకుతారు. అడిగేటప్పుడు ఒక్కటే చూసుకోండి: ఇంట్లో గోండి మాట్లాడతాడా లేదా. ఇంకో తెగ అయిన కొలాంల గూడేలకి వెళ్ళాలనుకుంటే కొలామి వచ్చినవాళ్ళు వేరే కావాలి, మా వాడికి అది అంతంతమాత్రమే, అందుకే మేం ఆ గూడేలు వదిలేశాం. నాగోబా జాతరకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆదిలాబాద్ టౌన్‌లో గది ముందే బుక్ చేసుకోండి, ఆ వారంలో ఉట్నూరులో ఖాళీ మంచం కూడా దొరకదు.